శ్రావణమాసం, పులస కూర, ఒక అరిటాకు

పోయిన నెల ఈ పేజీలో, శ్రావణంలోనూ కార్తీకంలోనూ నీచు, అంటే చేపా మాంసమూ, ఎందుకు మానేస్తామని ఒకరు అడిగితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. అది సరిపోలేదని మీ ఉత్తరాలు చూశాక తెలిసింది. రాజోలు నుంచి భీమవరం దాకా, యానాం నుంచి తణుకు దాకా అందరూ తిండి గురించే అడిగారు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. పేరు వెయ్యొద్దన్నవాళ్లే ఎక్కువ, కాబట్టి ఎవరి పేరూ వెయ్యడం లేదు.

ప్రశ్న (నరసాపురం దగ్గర నుంచి): అమ్మగారూ, నాకు పెళ్లయి రెండేళ్లయింది. శ్రావణమాసంలో మంగళవారాలు మంగళగౌరి నోము, శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, నెలంతా నీచు ముట్టను. మా ఆయనకి పులస అంటే ప్రాణం. అది సరిగ్గా ఆ నెల్లోనే వస్తుంది కదండీ. పోయినేడు వేలు పోసి ఒక చేప తెచ్చి, నువ్వే వండాలి అని కూర్చున్నారు. వండాను గానీ ఆ రోజంతా ఏడుపొచ్చింది. మా అత్తగారు వండితే తప్పులేదు, రుచి చూడకూడదంతే అంటారు. నా నోము చెడినట్టేనా?

జవాబు: చెడలేదమ్మా. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతావి చెబుతాను, ఏడాదిగా ఈ బెంగ మోస్తున్నట్టున్నారు.

వ్రతమంటే మనకి ఇష్టమైనదాన్ని, మన చేతిలో ఉన్నదాన్ని, ఒక గడువు పెట్టుకుని దేవుడి పేరు చెప్పి వదులుకోవడం. వదిలేది చెడ్డదని కాదు. దీనికి మన చాతుర్మాస్యమే సాక్ష్యం. ఆ నాలుగు నెలల నియమం పూర్తిగా పాటించే ఇళ్లలో మొదటి నెల కూరలు మానేస్తారు, దాన్నే శాకవ్రతం అంటారు. రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పులు మానేస్తారు. పాలూ పెరుగూ అపవిత్రమని ఎవరైనా అంటారా? ఏకాదశినాడు అన్నమే మానేస్తాం, అన్నం పరబ్రహ్మమని చెప్పుకునే మనమే. అంటే మానెయ్యడంలో ఉన్న విలువ మానేసిన మనిషి మనసుది, మానేసిన వస్తువు మీద అసహ్యానిది కాదు. మన గోదావరి మాటలో నీచు అంటే చేపా మాంసమూ అని అర్థం, అంతే. అది నీచమైనదని ఎవరూ అనుకోవద్దు.

ఇక వండటం సంగతి. మనుస్మృతి ఐదో అధ్యాయంలో చంపినవాడితో పాటు కోసినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరూ చంపినవాళ్లే అని ఒక శ్లోకం ఉంది. అది చదివి భయపడేవాళ్లు, అదే అధ్యాయంలో నాలుగైదు శ్లోకాల తర్వాత ఉన్నది కూడా చదవాలి: న మాంసభక్షణే దోషో, నివృత్తిస్తు మహాఫలా. మాంసం తినడంలో దోషం లేదు, అది ప్రాణుల సహజ ప్రవృత్తి, కానీ మానుకుంటే గొప్ప ఫలం. నాకు తెలిసినంతలో ఈ విషయం మీద మన శాస్త్రాలు చెప్పిన మాటల్లో ఇంత నిజాయితీగలది ఇంకోటి లేదు. తిన్నవాడిని పాపి అనదు. మానుకున్నవాడి కష్టాన్ని చిన్నదనీ అనదు.

మీ అత్తగారు చెప్పినదాంట్లో తప్పులేదు. కానీ మీ ఏడుపు రుచి చూడటం గురించి కాదనుకుంటాను. నెలంతా ఒక పట్టుదల మీద ఉన్న మనిషిని ఇంట్లోవాళ్లు పట్టించుకోలేదే అన్నది అసలు బాధ. దీనికి జవాబు సంకల్పంలోనే ఉంది. పూజకి కూర్చున్నప్పుడు పంతులుగారు చెప్పించేది గుర్తుతెచ్చుకోండి, అస్మాకం సహకుటుంబానాం అంటారు. నియమం మీ ఒక్కరిది, ఫలం మాత్రం ఇంటిల్లిపాదిదీ. ఆ ఫలంలో మీ ఆయనకీ వాటా ఉంది కాబట్టి కష్టంలోనూ ఉండాలి. మగవాళ్లు అయ్యప్ప మాల వేసుకుంటే ఆ 41 రోజులూ భార్య చీకటితోనే లేచి తలస్నానం చేసి, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా వేరే గిన్నెల్లో వండి, స్వాములకి భిక్ష పెడుతుంది. అది అందరికీ మామూలు విషయం. మరి భార్య నోము పట్టినప్పుడు మొగుడు ఒక్క చేప దగ్గర సర్దుకోవడం ఎందుకు మామూలు కాలేదు? ఇది మీ ఒక్కరి ఇంటి సంగతి కాదు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఈ ఏడు గోదావరికి వరద ఎర్రనీరు రాకముందే ఆయనతో మాట్లాడండి. తినొద్దనకండి, నోము మీది, ఆయనది కాదు. పెరట్లో ఒక పొయ్యి వేసి, మట్టి చట్టి, బెండకాయలు, ఆవకాయ మీద తేలిన నూనె అన్నీ అక్కడ పెట్టి, వండుకోవడం ఆయన్నే వండుకోమనండి. కావాలంటే ఎంత పులుపు వెయ్యాలో గుమ్మంలో నిలబడి చెప్పండి. ఇంకో మాట కూడా ఆయన చెవిన వెయ్యండి. పులస సముద్రం వదిలి, ఉప్పునీళ్లలోంచి వరద నీటికి ఎదురీదుకుంటూ గోదావరిలోకి వచ్చేది గుడ్లు పెట్టడానికి. పుస్తెలమ్మైనా పులస తినాలని మనవాళ్లు అన్నారు గానీ, ఇప్పుడు ఏడాదికేడాది చేప దొరకడమే తగ్గిపోతోందని రేవులో ఏ జాలరినడిగినా చెబుతాడు. గుడ్లతో వస్తున్న తల్లి చేపని ఒక్క నెల వదిలెయ్యడం నోము పట్టని మగవాడికి కూడా మంచి నోమే.

ప్రశ్న: మాది అమలాపురం. హైదరాబాద్‌లో ఉద్యోగం. రూమ్మేట్ ఉత్తరాది అబ్బాయి, మాంసం తినేవాడు అసలు హిందువే కాదంటాడు. నేను ఆదివారం చికెన్ తెచ్చుకుంటే మొహం అదోలా పెడతాడు. మా తాతలూ ముత్తాతలూ తిన్నారు, గుడికీ వెళ్లారు. ఏది నిజం మేడమ్?

జవాబు: బాబూ, 2014లో జరిగిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో మన ఆంధ్రలో 15 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మంది మాంసాహారులని తేలింది. వీళ్లంతా హిందువులు కాకపోతే మన గుళ్లలో క్యూలన్నీ ఎవరివి? శనివారం వెంకన్నకనీ, సోమవారం శివుడికనీ, మంగళవారం ఆంజనేయుడికనీ నీచు మానేసేది ఎవరు? తినేవాళ్లే. తిననివాడికి మానెయ్యడానికేముంది?

కాళహస్తిలో తిన్నడు శివుడికి పెట్టింది అడవిపంది మాంసం, అదీ తను కొరికి రుచి చూసి బాగున్నది ఏరి పెట్టాడు. పూజారి ఆ ఎంగిలి చూసి కుమిలిపోయాడు. శివుడు మాత్రం కన్నప్ప అని పేరిచ్చి, నాయనార్లని పిలిచే 63 మంది శివభక్తుల్లో ఒకడిగా నిలబెట్టాడు. మన ఊళ్లలో అమ్మవారి జాతరకి కోడిని కోసి, ఆ కూర వండి, చలిమిడీ పానకంతో పాటు నైవేద్యం పెట్టే ఇళ్లు ఎన్నో. అది హిందూమతం కాదని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఇక్కడితో ఆపితే నీకు సగమే చెప్పినవాణ్ణవుతాను అని మా గురువుగారు అనేవారు, కాబట్టి మిగతా సగం కూడా విను. వేదకాలపు యజ్ఞాల్లో పశువు ఉంది. పితృకార్యాల్లో మాంసం పెట్టే విధానం మనుస్మృతి మూడో అధ్యాయంలో వివరంగానే ఉంది. తర్వాత కాలంలో మన పెద్దలే దాన్ని ఆపారు. కలియుగంలో విడిచిపెట్టాల్సినవి ఐదని చెప్పిన శ్లోకంలో పలపైతృకం ఒకటి, పలమంటే మాంసం. ఈరోజు మన తద్దినాల్లో మినప గారెలు, నువ్వులు ఉంటాయి. మధ్వ సంప్రదాయంలో యజ్ఞానికి పిండితో చేసిన పశువుని పెట్టే పద్ధతి వచ్చింది. ఈ మార్పు వెనక జైనులూ బౌద్ధులూ ఉన్నారు. అశోకుడు తన మొదటి శిలాశాసనంలో, ఒకప్పుడు రాజుగారి వంటశాలలో రోజూ లక్షల ప్రాణులు చచ్చేవి, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే, ఆ జింక కూడా రోజూ కాదు, ముందుముందు ఇవీ ఉండవు అని చెక్కించాడు. మన కోనసీమలోనే ఆదుర్రులో బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి, ఈసారి ఇంటికొచ్చినప్పుడు చూసి రా. అహింస మీద ఆ మాటలు ఈ కొబ్బరితోటల్లో కూడా వినబడ్డాయి. భారతం అనుశాసనిక పర్వంలో భీష్ముడు ధర్మరాజుకి మాంసం మానడం గురించి అధ్యాయాలకి అధ్యాయాలు చెబుతాడు. కాబట్టి మీ రూమ్మేట్ చెప్పేది కూడా ఎక్కడినుంచో ఊడిపడింది కాదు.

వైష్ణవుల పద్ధతిలో ఇంకో లోతు ఉంది. గీతలో కృష్ణుడు ఆకో, పువ్వో, పండో, నీళ్లో భక్తితో ఇస్తే తీసుకుంటానన్నాడు. ఇంట్లో వండినదేదైనా ముందు ఆయనకి పెట్టి, ఆ తర్వాత ప్రసాదంగా తినాలి. ఆయనకి పెట్టలేనిది మనమూ తినం. ఇది పూర్తిగా ప్రేమ లెక్క, ఆరోగ్యం లెక్క కాదు, శుభ్రత లెక్కా కాదు. నేను శాకాహారిగా ఉన్నది ఈ ఒక్క కారణానికే.

సాత్విక, రాజస, తామస ఆహారాలని మీ ఫ్రెండ్ తప్పకుండా తెస్తాడు. గీత 17వ అధ్యాయం తీసి ఇద్దరూ కలిసి చదవండి. అక్కడ మాంసం అనే మాటే లేదు. మరీ కారం, మరీ పులుపు, మరీ ఉప్పు ఉన్నది రాజసం. వండి జాము దాటినది, చవి చచ్చినది, వాసన వేసేది, రాత్రి మిగిలి పాసిపోయినది, ఎంగిలిది, యజ్ఞానికి పనికిరానిది తామసం. యజ్ఞానికి పనికిరానిదన్న మాటలోకి మాంసాన్ని చేర్చేవాళ్లున్నారు, అది వ్యాఖ్యానం. కానీ ఫ్రిజ్‌లో మూడు రోజులున్న పప్పు మాత్రం ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేకుండా ఆ జాబితాలో పడుతుంది. ఛాందోగ్యోపనిషత్తులో ఆహారశుద్ధౌ సత్త్వశుద్ధిః అని ఒక వాక్యం ఉంది. అక్కడ ఆహారమంటే నోటితో తినేదే అని రామానుజుల సంప్రదాయం. కాదు, కళ్లూ చెవులూ లోపలికి తీసుకునేదంతా ఆహారమే అని శంకరులు. అంత పెద్దవాళ్లే రెండు రకాలుగా చెప్పినచోట ఒకే గదిలో ఉంటున్న ఇద్దరు కుర్రాళ్లు మొహాలు చిట్లించుకోవాల్సిన పనిలేదు. నువ్వు ఆదివారం నీ గిన్నెలు నువ్వే వెంటనే కడిగెయ్యి, అతని గిన్నె ముట్టకు. అది అతని నియమానికి నువ్విచ్చే గౌరవం. నీ మతం సంగతి తేల్చే పని అతను మానుకోవాలి, అది నీకు అతనిచ్చే గౌరవం.

ప్రశ్న (ముమ్మిడివరం): పుట్టగొడుగులు వెజ్జే కదా, మా అమ్మమ్మ కార్తీకంలో వండనివ్వదు. ఉల్లిపాయ మీద కూడా ఎందుకంత కోపం?

జవాబు: మీ అమ్మమ్మగారు సంప్రదాయమే చెప్పారు. మనువు వద్దన్న జాబితాలో వెల్లుల్లి, ఉల్లి, పుట్టగొడుగులు పక్కపక్కనే ఉన్నాయి. పుట్టగొడుగు పుట్టే చోటు శుభ్రమైంది కాదని ఒక కారణం. ఉల్లి, వెల్లుల్లి ఒంట్లో వేడినీ మనసులో కోరికనీ పెంచుతాయని ఇంకో కారణం. దుకాణంలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందా లేదా అన్నది ప్రభుత్వం లెక్క, వ్రతానికి పనికొస్తుందా లేదా అన్నది వేరే లెక్క. ఆ రెండూ కలపకూడదు. మిరపకాయా, టమాటా, బంగాళాదుంపా ఏ స్మృతిలోనూ ఉండవు, అవి పోర్చుగీసువాళ్లు వచ్చిన తర్వాతే మన దేశానికొచ్చాయి. అందుకే కొందరిళ్లలో ఇప్పటికీ తద్దినం వంటకి మిరియాలే వాడతారు.

ప్రశ్న (భీమవరం పక్క పల్లెటూరు): మేము నీచు తినం. మా తాతగారి వరిచేను అయిదెకరాలు చెరువు తవ్వి వనామి వేశాం. అప్పులన్నీ దాంతోనే తీరాయి, అబద్ధం చెప్పను. కానీ పట్టుబడి రోజు వల లాగి రొయ్యల్ని గట్టు మీద పోస్తుంటే ఆ చప్పుడు చెవుల్లో ఉండిపోతుంది. నాలుగు టన్నులంటే ఎన్ని ప్రాణాలండీ? మడి కట్టుకుని దేవుడి ముందు కూర్చుంటే నా చేతులు నాకే అదోలా కనబడుతున్నాయి. ఇది మానెయ్యాలా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాధ నిజమైనది కాబట్టి తేలిక మాట చెప్పను.

భారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ మీకు తెలిసే ఉంటుంది. కౌశికుడనే తపస్వి మీద ఒక కొంగ రెట్ట వేస్తే కోపంగా చూశాడు, అది చచ్చిపడింది. తర్వాత ఒక ఇంటికి భిక్షకి వెళితే ఆ ఇల్లాలు మొగుడికి వడ్డిస్తూ ఆలస్యం చేసింది. ఈయన కళ్లెర్రజేస్తే, నేను కొంగని కాదు స్వామీ అంది. ఆవిడే ఆయన్ని మిథిలకి వెళ్లి ఒక వ్యాధుడి దగ్గర ధర్మం తెలుసుకోమంది. వెళ్లి చూస్తే ఆ మనిషి మాంసం కొట్లో ఉన్నాడు. కొనేవాళ్లు మూగి ఉన్నారు. ఆయన చెప్పిన మొదటి మాటల్లో ఒకటి: నేను చంపను, ఇంకొకరు చంపి తెచ్చింది అమ్ముతాను, నేను మాత్రం తినను. అచ్చం మీలాగే.

ఇంతవరకూ అందరూ చెబుతారు, ఆ తర్వాతది ఎక్కువమంది చెప్పరు. నాగలి పట్టి దున్నేవాడు భూమిలో ఉన్న ఎన్ని ప్రాణుల్ని చంపుతున్నాడో చూడు, వడ్లగింజల్లో కూడా ప్రాణం ఉంది, ఈ లోకంలో హింస చెయ్యనివాడెవడు, జాగ్రత్తపడితే తగ్గించుకోగలం అంతే అంటాడు. మీ తాతగారు సార్వా, దాళ్వా రెండు పంటలు వేసినప్పుడు చేలో ఎలుకల బుట్టలు పెట్టలేదా, దోమకి మందు కొట్టలేదా? మన ఇళ్లలోనే ఐదు వధశాలలున్నాయని మనువు చెప్పాడు, పంచసూనలంటారు: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలూ రోకలి, నీళ్లబిందె. ఉల్లిపాయ ముట్టని మడి వంటిల్లు కూడా అందులోదే. దానికి విరుగుడుగా రోజూ చెయ్యమన్నవే పంచమహాయజ్ఞాలు. చదువు చెప్పడం, పితరులకి నీళ్లు వదలడం, దేవుడికి హోమం, కాకికో కుక్కకో ఆవుకో ముద్ద పెట్టడం, వచ్చిన మనిషికి అన్నం పెట్టడం. శాకాహారులం కాబట్టి మనకి హింస అంటలేదని అనుకోవడానికి శాస్త్రం వీలివ్వలేదు.

అలాగని మీ చెరువుకి ధర్మవ్యాధుడి పేరుతో అనుమతి ఇచ్చెయ్యలేను. ఆయనది తాతముత్తాతల నుంచి వచ్చిన వృత్తి, మీది మీరు ఎంచుకున్నది. ఆ తేడా మీకు తెలుసు కాబట్టే నిద్ర పట్టడం లేదు. మానగలిగే రోజొస్తే మానండి, నివృత్తికి గొప్ప ఫలమన్నది మీలాంటివాళ్ల కోసమే. ఆ రోజు ఇంకా దూరమైతే, ఈలోగా మీ చేతిలో ఉన్నవి చెయ్యండి. పట్టిన రొయ్యని ఎండలో గుట్టపోసి కొట్టుకోనివ్వకుండా పక్కనే డ్రమ్ముల్లో బాగా మంచు వేసిన నీళ్లు సిద్ధంగా ఉంచి వెంటనే అందులో వేయించండి, ప్రాణం తొందరగా పోతుంది. మీ ఉప్పునీరు పక్కవాడి వరిచేలోకి ఊరకుండా చుట్టూ బోదె తవ్వించండి. చెరువు ఎండగట్టినప్పుడు ఆ మురుగు ఊరు తాగే పంటకాలవలోకి వదలకండి. రొయ్యని చంపడం కంటికి కనబడుతుంది. ఉప్పు తేలి చేను చచ్చిపోయిన పక్క రైతు ఇల్లు మనకి కనబడదు, నా దృష్టిలో అది ఇంకా పెద్ద హింస. మడి గట్టుకుని కూర్చున్నప్పుడు ఆ రైతు మొహం గుర్తొస్తే వెంటనే లేచి వెళ్లి కాలవ చూసుకుని రండి, పూజ తర్వాత చేసుకోవచ్చు.

ప్రశ్న (పెనుగొండ): మా ఇంటా వంటా లేదు. పదేళ్ల పాప నీరసపడిపోతుంటే డాక్టరుగారు పరీక్షలు చేయించి, రోజుకో గుడ్డు పెట్టమన్నారు. మామగారు ఒప్పుకోవడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు డాక్టరుగారిని, మేము గుడ్డు తినం, దాని బదులు ఏముంది అని నేరుగా అడగండి. బి12 తక్కువైతే అది ఆకుకూరల్లోనూ పప్పుల్లోనూ దొరకదు. పాలు, పెరుగు, ఆయన రాసిచ్చే మాత్రలతో చాలామందికి సరిపోతుంది. రక్తం తక్కువైతే దానికి మందు వేరు. చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

తీరకపోతే మామగారికి ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుడి కథ చదివి వినిపించండి. కురుదేశంలో పంటలు పాడై కరువొచ్చినప్పుడు ఆయన ఆకలికి తట్టుకోలేక, ఒక ఏనుగులవాడు తింటున్న ఉడికించిన గింజలు అడిగి, ఎంగిలివే తీసుకుని తిన్నాడు. అతను మంచినీళ్లు కూడా ఇవ్వబోతే, ఎంగిలి నీళ్లు తాగను అన్నాడు. మరి గింజలు ఎంగిలివి కావా అంటే, అవి తినకపోతే బతికేవాణ్ణి కాను, నీళ్లు నాకు ఎక్కడైనా దొరుకుతాయి అన్నాడు. మరునాడు అదే మనిషి రాజుగారి యజ్ఞానికి వెళ్లి ఋత్విక్కులకి పాఠం చెప్పాడు. ప్రాణం మీదికొస్తే ఎంతవరకు సడలించాలో, ఎక్కడ మళ్లీ నిలబడాలో అంత స్పష్టంగా చెప్పిన కథ ఇంకోటి లేదు. పాప ఆరోగ్యం మీద మామగారికీ ప్రేమే కదా. ఆయన ముందు చర్చ పెట్టుకోకుండా, పాపని తీసుకుని ఆయన్నే డాక్టరు దగ్గరికి వెళ్లి రమ్మనండి.

ప్రశ్న (పి.గన్నవరం వైపు నుంచి): నా స్నేహితురాలిది చేపలు పట్టే కుటుంబం. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి పిలిస్తే వచ్చింది. మా పెద్దత్తగారు ఆమెని పంక్తిలో కూర్చోనివ్వకుండా, వాళ్లు నీచు తింటారు అని అందరూ వినేలా అని, వసారాలో విడిగా వడ్డించారు. నేను నోరెత్తలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఆచారం తప్పకుండా ఉండాలంటే ఇదంతా తప్పదా?

జవాబు: తప్పుతుందమ్మా. ఇది ఆచారం కాదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మాదీ ఇలాంటి ఇల్లే, లంక ఊళ్లో. గోదావరి వరదకి బడి వదిలేస్తే, నాతో చదివే ఒక పిల్ల వాళ్ల నాన్న మమ్మల్నందరినీ నావ మీద దాటించాడు. ఆ పిల్ల మా ఇంట్లో ఆగింది, వర్షం తగ్గేదాకా. మా అమ్మమ్మ మంచిదే, ఆకలేస్తోందేమో అని పెరుగన్నం కలిపింది. నాకు వంటింట్లో కంచం, ఆ పిల్లకి వసారాలో చూరు కింద అరిటాకు. చూరు నీళ్లు ఆకు అంచు మీద పడుతున్నాయి. తినేసి, ఎవరూ చెప్పకుండానే, తన ఆకు తనే మడిచి దొడ్లో పారేసి, చెంబుతో నీళ్లు తెచ్చి తను కూర్చున్న చోటు చేత్తో కడిగింది. ఎనిమిదేళ్ల పిల్ల. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఇన్నేళ్లయినా ఆ తడిసిన మట్టి నా కళ్లముందే ఉంది, ఆ పిల్లకి నేను ఏ మాటా చెప్పలేదు, తర్వాత చెబుదామంటే వాళ్లు ఊరొదిలి వెళ్లిపోయారు.

మన వైపు ఎక్కువమంది చదివే వేదం కృష్ణయజుర్వేదం, అందులోదే తైత్తిరీయోపనిషత్తు. అన్నం న నింద్యాత్, అన్నాన్ని నిందించకూడదు, అది వ్రతం అంటుంది. తర్వాతే, ఇంటికొచ్చిన ఏ ఒక్కరినీ కాదనకూడదు, అదీ వ్రతం అంటుంది. రెండుచోట్లా వ్రతమన్న మాటే. నీచు మానడం ఒక వ్రతమైతే మనిషిని కాదనకపోవడం దానికి తక్కువ వ్రతమేం కాదు. మీ ఊరి పక్కనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు, 1841లో పుట్టి 1909లో పోయిన మనిషి, గోదావరి దాటి వచ్చినవాళ్లకి కులమూ అడక్కుండా, వేళా అడక్కుండా జీవితమంతా అన్నం పెట్టారు. ఆవిడ ఆచారవంతుల ఇంటి మనిషే, ఆచారం ఎక్కడా ఆవిడకి అడ్డురాలేదు. ఇవాళ రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే ఉంది.

ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్లండి. మీ అత్తగారి తరఫున కాదు, మీరు నోరెత్తలేదన్నదానికి క్షమాపణ అడగండి. ఆవిడ ఏదైనా పెడితే, మీకు పనికొచ్చేది పండో, మజ్జిగో, కొబ్బరినీళ్లో అడిగి, ఆవిడ పక్కన కూర్చుని తీసుకోండి. మీ అత్తగారికి ఈ పేజీ చూపించినా నాకేం అభ్యంతరం లేదు.

ప్రశ్న (అంబాజీపేట): ఈసారి కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లితో పాటు పప్పులు కూడా మానేద్దామనుకుంటున్నా. నెలంతా ఏం వండను?

జవాబు: కోనసీమలో ఉండి ఈ బెంగేంటమ్మా. అరటికాయ, అరటిపువ్వు, అరటిదవ్వ, కంద, పెండలం, బచ్చలి అన్నీ మీ దొడ్లోవే. కంద బచ్చలి చెబుతాను, ఉల్లి తగలని కూర ఇది. కంద చెక్కు తీసి ముక్కలు కోసి, కడిగి, బచ్చలాకు, చిటికెడు పసుపు వేసి మెత్తగా ఉడకబెట్టి, నీళ్లు వంచి, చింతపండు గుజ్జు, ఉప్పు వేసి, గరిటెతో సగం మెదిపి దగ్గరకి రానివ్వండి. పులుపు కాస్త గట్టిగానే ఉండాలి, లేకపోతే కంద గొంతులో దురద పెడుతుంది. పప్పులు మానేస్తున్నారు కాబట్టి పోపులో మినప్పప్పు, శనగపప్పు వెయ్యకూడదు, చాలామంది ఇక్కడే మర్చిపోతారు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు చాలు. దించేశాక, కాస్త చల్లారిన తర్వాతే, నానబెట్టి నూరిన ఆవ ముద్ద కలపండి. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదొస్తుంది.